ఈల ఊదితేనే ఊపిరి

వారంలో ఒకరోజు ఈతకొలనుకి సెలవు. ఆ రోజు దీపాలు వెలగవు. పైకప్పుకి బిగించిన మసక అద్దాల్లోంచి ఎంత వెలుతురు పడితే అంతే. మిగతా రోజులన్నీ పిల్లల కాళ్ళతో తన్నించుకుని అలిసిపోయిన నీళ్ళు, ఆ ఒక్కరోజు ఒళ్ళు వాల్చినట్టు నీలం పలకల మధ్య వెడల్పుగా పడుకుంటాయి. నీళ్ళలో కలిపే మందు వాసన మాత్రం పడుకోదు. గోడల్లో, బెంచీల్లో, అక్కడ పనిచేసేవాళ్ళ జుట్టులో కూడా అది మెలకువగానే ఉంటుంది.

అలాంటి సెలవు రోజు మధ్యాహ్నం, బయట మబ్బు కమ్ముకుని ఉండగా, ఈల మాస్టారు పక్క తలుపు తాళం తీసి కూతుర్ని లోపలికి తీసుకొచ్చాడు.

ఆయనకి ఆ పేరు పెట్టింది అక్కడ ఈత నేర్చుకునే పిల్లలు. మెడలో ఎప్పుడూ ఒక ఇనుప ఈల వేలాడుతుంటుంది. దిగమనడానికి ఈల, ఎక్కమనడానికి ఈల, ఊపిరి పీల్చమనడానికి ఒకటి, వదలమనడానికి ఒకటి. నోటితో చెప్పేది తక్కువ, చెప్పినా అందులో సగం తిట్లు. చలికో భయానికో వణికే పిల్లని చూస్తే ఆయనకి ఎక్కడలేని కోపం వచ్చేది. "వణుకు ఆపు! ఈ ఒళ్ళు నీదా, పక్కింటివాళ్ళదా?" అనేవాడు. ఏడుపు, ఎక్కిళ్ళు, చెమట, భయానికి తడిసిన లాగులు... ఇవన్నీ ఆయన దృష్టిలో పొగరుకి గుర్తులే.

నిజంగా ఒళ్ళు మనదేనా అని కూర్చుని ఆలోచిస్తే ఎంత వింతగా ఉంటుందో! చెయ్యెత్తుదామనుకుంటే చెయ్యి లేస్తుంది. నడుద్దామనుకుంటే కాలు పడుతుంది. బాగానే ఉంది. మరి గుండెకి ఎవరు చెబుతున్నారు? తిన్నది అరగమని పేగులకి ఎవరు చెబుతున్నారు? చీకట్లోకి వెళ్ళగానే కంటిపాపని పెద్దది చేసేదెవరు? మనం గురకపెట్టి నిద్రపోతుంటే తెల్లారేదాకా ఊపిరి లాగి, వదిలి, మళ్ళీ లాగేదెవరు? తల్లి కూడా బిడ్డని అంత మెలకువగా చూసుకోలేదు కదా!

మాస్టారికి ఆశ్చర్యాలు లేవు. ఉన్నదల్లా పాఠం. పిల్లల్ని గట్టు మీద వరసగా కూర్చోబెట్టి చెప్పేవాడు.

"ఒంట్లో ఇద్దరుంటారు. ఒకడు యజమాని, ఒకడు కాపలావాడు. కాళ్ళు, చేతులు, నాలుక యజమాని మాట వింటాయి. గుండె, కడుపు, చెమట కాపలావాడి మాట వింటాయి. ఊపిరి ఒక్కటే ఇద్దరిదీ. నువ్వు బిగపడితే ఆగుతుంది. కానీ కాసేపటికి కాపలావాడు లేచి లోపల్నుంచి ఛాతీ తలుపు బాదుతాడు. ఆ బాదుడికి జడిసి పైకి తేలినవాడు పిరికివాడు. వాణ్ణి నిద్రపుచ్చినవాడు ఈతగాడు."

నిద్రపుచ్చడం ఎలాగో కూడా నేర్పేవాడు. మునిగే ముందు ఈలకి తగ్గట్టు గబగబా, లోతుగా ఊపిరి లాగి వదలాలి. లాగు, వదులు, లాగు, వదులు. లోపలి చెడుగాలి అంతా పోవాలి. కాపలావాడు తలుపు బాదేది చెడుగాలి పోగైనప్పుడే. అది ముందే ఊడ్చేస్తే వాడికి మెలకువ రాదు, నీటికింద ఎంతసేపున్నా హాయిగా ఉంటుంది.

ఇందులో చివరి మాట ఒకటి మాస్టారు పిల్లలకి చెప్పేవాడు కాదు. చెడుగాలి పోయిందే గానీ, మంచిగాలి అంతకుముందు ఎంతో ఇప్పుడూ అంతే. అది లోపల ఖర్చయిపోతూనే ఉంటుంది. అయిపోయాక దీపం ఆర్పినట్టు తెలివి పోతుంది. తలుపు బాదేవాడు నిద్రలో ఉంటాడు కాబట్టి ఆ పోయేది పోయేవాళ్ళకి తెలియనే తెలియదు.

పోయినేడాది చేపపిల్ల అలాగే పోయింది.

చేపపిల్ల అంటే అక్కడ నేల తుడిచే ఆవిడ కూతురు. తల్లి తుడుస్తుంటే గట్టు మీద ఆడుకుంటూ ఆడుకుంటూ ఈత పట్టేసింది. అంత బాగా ఈదేది కాబట్టి ఆ ముద్దుపేరు. ఒకరోజు మాస్టారు ఈల ఊదాడు, పిల్ల మునిగింది, అడుగున పలకల మీద కదలకుండా ఉండిపోయింది. గట్టు మీది పిల్లలు "మాస్టారూ, మాస్టారూ" అని లేచారు. అటు చివర తుడుస్తున్న తల్లి కంగారుగా రెండడుగులు ఇటు వేసింది. మాస్టారు గడియారం చూస్తూ కుడి అరచెయ్యి ఎత్తాడు.

"ఆగండి. ఎవరూ ముట్టుకోవద్దు. రికార్డు!"

పైకి తీసేసరికి పిల్ల పెదాల మీద చిరునవ్వు కూడా ఉంది. గుండె బలహీనమైన పిల్ల అని అందరికీ చెప్పాడు మాస్టారు. చెప్పగా చెప్పగా ఆయనే నమ్మేశాడు.

*

"మళ్ళీ నువ్వేనా? సెలవు రోజు కూడా ఏం పని?" అన్నాడు మాస్టారు.

చేపపిల్ల తల్లి తుడుపుకర్ర ఆపింది. "ఇల్లు తోచదయ్యా."

"అయితే అటు చివర తుడుచుకో. మాకు అడ్డం రాకు."

ఆవిడ కదల్లేదు. రోజూ అడిగేదే మళ్ళీ అడిగింది. "మాస్టారూ, నా పిల్లకి ఆయాసం వచ్చి ఉంటుందా? కింద కొట్టుకుందా? నన్ను పిలిచుంటుందా?"

"రోజూ ఇదేం గోల? నీ పిల్ల గుండె బలహీనం. కడుపులో ఉన్నప్పుడు నువ్వు ఏం తిని చచ్చావో, అది నిన్ను నువ్వు అడుక్కో."

ఆయాసం రాలేదని ఆయనకి బాగా తెలుసు. ఆ ఒక్కమాట చెబితే ఆ తల్లి ఒక్క రాత్రయినా కన్ను మూసేది. కానీ ఎందుకు రాలేదో కూడా చెప్పాల్సి వస్తుంది కదా. అందుకని చెప్పలేదు.

మాస్టారి కూతురు అమ్మలు ఈత టోపీ సర్దుకుంటూ మొహం చిట్లించింది. "ఎందుకు నాన్నా ఆవిడని అలా అంటావు?"

"నీ పని నువ్వు చూడు. రేపు ఎంపిక పోటీ. ఒక్క ఊపిరితో అటు గోడ ముట్టి ఇటు రావాలి. రాలేదనుకో, ఇంటికి రానివ్వను."

"రానివ్వకపోతే అమ్మ నిన్నే బయట పడుకోబెడుతుంది. నువ్వు గురక కూడా ఈలలాగే పెడతావట. పక్కన పడుకుంటే రాత్రంతా ఈత కొట్టినట్టుంటుందట!"

మాస్టారు నవ్వలేదు. ఈల నోట్లో పెట్టుకున్నాడు.

లాగు. వదులు. లాగు. వదులు. ఖాళీ భవనంలో ఈల గోడలకి కొట్టుకుని తిరిగొస్తోంది. అమ్మలు భుజాలు ఎగసి పడుతున్నాయి. ఉన్నట్టుండి పిల్ల ఆగిపోయింది.

"నాన్నా... రెండో ఈల ఎవరిది?"

"గోడలది. ఖాళీగా ఉంటే మోగుతుంది."

"గోడ నీకంటే ముందు ఊదుతోంది నాన్నా."

మాస్టారు చెవి రిక్కించాడు. నీళ్ళు గట్టుని నాకుతున్న చప్పుడు. అంతే. అటు చివర్నుంచి చేపపిల్ల తల్లి తనలో తాను గొణుక్కుంటోంది. "ఇప్పుడేగా ఇక్కడ ఆరబెట్టి వెళ్ళాను..."

ఆరిన నేల మీద తడి అడుగులు. చిన్నవి. నీళ్ళలోంచి వచ్చే మెట్ల దగ్గర మొదలై, పిల్లలు తమ వంతు కోసం కూర్చునే చోటుదాకా వెళ్ళి, అక్కడ ఆగిపోయాయి. అమ్మలు ఇంకా నీళ్ళలో కాలే పెట్టలేదు.

"పైనుంచి కారుతోంది. తుడిచెయ్" అన్నాడు మాస్టారు. మళ్ళీ ఈల అందుకున్నాడు. ఈసారి ఇంకా వేగంగా. ఆఖర్న ఒక పొడుగాటి ఈల.

అమ్మలు మునిగింది.

నీటికింద తెల్లటి టోపీ అటు గోడ దాకా సాఫీగా వెళ్ళింది. గోడ ముట్టుకుంది. తిరిగింది. సగం దూరం వచ్చింది. ఆగింది. మెల్లగా, ఆకు దిగినట్టు, అడుగుకి దిగింది.

మాస్టారు గడియారం చూసుకున్నాడు. ఆయన కళ్ళు మెరిశాయి.

"మాస్టారూ, పాప కదలట్లేదు."

కుడి అరచెయ్యి దానంతట అదే లేచింది. "ఆగు. ఎవరూ ముట్టుకోవద్దు. రికా..."

సగంలో ఆ మాట ఆయన చెవినే పడింది. కానీ చేపపిల్ల తల్లి ఆ మాట ఇంతకుముందే ఒకసారి విని ఆగింది. ఈసారి ఆగలేదు. గోడకి తగిలించి ఉన్న పొడవాటి కొక్కెంకర్ర లాక్కుని, ఈత రాకపోయినా, మెడలోతు నీళ్ళలోకి దిగిపోయింది.

పిల్లని గట్టు మీదకి లాగారు. పెదాలు నేరేడుపండు రంగులో ఉన్నాయి. మాస్టారు ఛాతీ నొక్కాడు. నోట్లో నోరు పెట్టి ఊదాడు. పేరు పెట్టి పిలిచాడు, తిట్టాడు. ఏమీ లేదు. ఏం చేస్తున్నాడో తెలియక, అలవాటున, ఈల ఊదాడు.

అమ్మలు ఊపిరి లాగింది.

మళ్ళీ ఊదాడు. వదిలింది.

కాసేపటికి కళ్ళు తెరిచి నాన్న వైపు చూసి నవ్వింది. మాస్టారు ఏడుస్తూ ఈల వదిలేసి పిల్లని గుండెకి హత్తుకున్నాడు.

"నొప్పిగా ఉందా అమ్మా? ఆయాసంగా ఉందా?"

"లేదు నాన్నా. చాలా హాయిగా ఉంది." గుసగుసగా చెబుతోంది. "కింద అక్క ఉంది. నీ కాపలావాణ్ణి నాకిస్తావా అంది. సరే అన్నాను. ఇప్పుడు నాకేమీ..."

మాట ఆగిపోయింది. చెప్పడానికి గాలి లేదు. ఛాతీ కదలట్లేదు. కళ్ళు మాత్రం తేటగా, నవ్వుతూ, నాన్ననే చూస్తున్నాయి.

"ఊపిరి తీసుకో!"

పిల్ల ఒక్క గుక్క తీసుకుంది. "ఎందుకు నాన్నా?" అని అడిగింది.

*

అద్దెకారులో వెనక సీట్లో కూర్చుని మాస్టారు ఈల ఊదుతూనే ఉన్నాడు. ఊదితే లాగుతుంది. ఊదితే వదులుతుంది. చెబితే తీసుకోగలదు, కానీ మరో క్షణంలో మరిచిపోతుంది. మరిచిపోయానని కూడా తెలియదు. తీసుకోవాలని ఒంటికి అనిపించడమే లేదు.

"ఏంటి సార్, మ్యాచ్ ఏమైనా జరుగుతోందా వెనక?" అన్నాడు డ్రైవరు. అద్దంలో పిల్ల మొహం చూశాక కారు వేగం పెంచాడు.

మాస్టారి గుండె డప్పులా కొట్టుకుంటోంది. ఆగు అన్నాడు దానితో. ఆగలేదు. వణుకు ఆపు అని చేతులకి చెప్పాడు. ఆపలేదు. నోరెండిపోయింది, కడుపు మెలితిరిగింది, వీపంతా చెమట. తొడల దగ్గర వెచ్చగా తడిసింది. అది కొలను నీళ్ళు కాదు. పక్కన కూర్చున్న చేపపిల్ల తల్లి అది చూసింది. చూసి, కిటికీ వైపు మొహం తిప్పుకుంది.

మధ్యలో ఇంటి నుంచి భార్య ఫోన్ చేసింది. రెండు ఈలల మధ్య ఆయన "కొంచెం కళ్ళు తిరిగాయంతే, నువ్వు రానక్కర్లేదు" అని పెట్టేశాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ తొందరపడకుండా, తొట్రుపడకుండా పనిచేసింది. పిల్ల మొహానికి మాస్కు బిగించి, దానికి ఒక మెషిన్ తగిలించింది. మెషిన్ బుస్సున ఊదింది. ఛాతీ లేచింది. మాస్టారు ఈల నోట్లోంచి తీశాడు. పెదాలు చిట్లి రక్తం కారుతోంది.

"మెదడు అడుగున, మెడ మొదట్లో, ఊపిరి సంగతి చూసుకునే చోటొకటి ఉంటుంది" అంది డాక్టరమ్మ. "అక్కడేదో మొద్దుబారింది. దానంతట అది తేరుకోవచ్చు. ఒక్క సంగతి మాత్రం నిజం చెప్పండి. మునిగే ముందు అమ్మాయి గబగబా, లోతుగా ఊపిరి తీసుకుందా? ఎవరైనా అలా నేర్పారా?"

గది గుమ్మంలో చేపపిల్ల తల్లి నిలబడి ఉంది. జుట్టు చివర్ల నుంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి.

మాస్టారి నుదుటి మీంచి చెమట కంట్లోకి దిగింది. మెడ మీది నరం ఎగిరెగిరి పడుతోంది. ఒళ్ళంతా నిజం చెబుతోంది. నాలుక ఒక్కటే యజమాని మాట విన్నది.

"లేదండీ. మామూలుగానే మునిగింది. మా ఇంట్లో అందరికీ గుండె కొంచెం బలహీనం."

"మంచిది" అంది డాక్టరమ్మ. నర్సు వైపు తిరిగింది. "అలా చేసే అలవాటుంటే ఊపిరి వేగం పెరిగినా తేరుకుందని నమ్మేదాన్ని కాదు. లేదంటున్నారు కాబట్టి, తనంతట తాను గట్టిగా తీసుకోవడం మొదలుపెడితే మాస్కు తీసి చూడండి. నేను పక్క వార్డులో ఉంటాను."

ఆ మాట మాస్టారు విన్నాడు. నోరు తెరిచాడు. గుమ్మంలో ఉన్న ఆవిడని చూశాడు. నోరు మూశాడు.

*

బయట బెంచీ మీద ఇద్దరూ కూర్చున్నారు. కిటికీలోంచి పొద్దు వాలుతున్న వెలుతురు. లోపల మెషిన్ బుస్సు... బుస్సు... అంటోంది.

"మాస్టారూ."

"మళ్ళీ ఏంటి?"

"మీ పాపకి ఆయాసం లేదు కదా. ఊపిరి లేకపోయినా నవ్వుతూనే ఉంది."

ఆయన ఈలకి అంటిన రక్తం చొక్కాకి తుడుచుకుంటున్నాడు.

"అయితే నా పిల్లకీ వచ్చుండదు. కొట్టుకుని ఉండదు. నన్ను పిలిచి ఉండదు." ఆవిడ పెద్దగా గాలి పీల్చి వదిలింది. ఏడాదిగా బిగపట్టి ఉంచిన ఊపిరిలా ఉంది అది. "ఇంత చిన్నమాట. ఇది చెప్పడానికి మీకేం పోయింది మాస్టారూ?"

లేచి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. ఆవిడ నడిచినంతమేరా నేల తడిసింది.

మాస్టారు తల గోడకి ఆనించాడు. కళ్ళు మూతలుపడ్డాయి. మెషిన్ బుస్సు... బుస్సు... ఆయన కాపలావాడు బాగానే ఉన్నాడు. ఆయన నిద్రపోయినా ఊపిరి ఆగలేదు.

ఈల వినబడి మెలకువ వచ్చింది.

లాగు. వదులు.

చెయ్యి మెడ మీదకి వెళ్ళింది. తన ఈల తన గుప్పిట్లోనే ఉంది.

లాగు. వదులు. లాగు. వదులు.

వేగం పెరుగుతోంది... ఆయన చేతివాటం, ఆయన లయ, ఆయన నేర్పిందే... ఎక్కడినుంచో కాదు, గదిలోంచే.

నర్సు మొహం విప్పార్చుకుని తలుపు తీసింది. "లేవండి లేవండి! మీ పాప సొంతంగా ఊపిరి తీసుకుంటోంది. అబ్బ, ఎంత గట్టిగా తీస్తోందనుకున్నారు! మెషిన్‌నే దాటేస్తోంది. మాస్కు తీసేశాను. ఇక భయం లేదు."

మాస్టారు లోపలికి పరిగెత్తాడు. మంచం మీద అమ్మలు కూర్చుని ఉంది. భుజాలు ఎగసి పడుతున్నాయి. లాగు, వదులు, లాగు, వదులు. బుగ్గలు ఎర్రబడ్డాయి, కళ్ళు మెరుస్తున్నాయి.

"మాస్కు... మాస్కు పెట్టండి..." అన్నాననుకున్నాడు. నోరు ఎండి నాలుక అంగిలికి అతుక్కుపోయింది. చప్పుడు రాలేదు.

"ఏంటండీ? నీళ్ళు కావాలా?"

గదిలో పొడుగాటి ఈల ఒకటి మోగింది. నర్సుకి వినబడినట్టు లేదు.

అమ్మలు బుగ్గల నిండా గాలి పట్టి, పెదాలు బిగించి, కళ్ళు మూసుకుంది. మెల్లగా వెనక్కి వాలింది. ఆకు దిగినట్టు.

మాస్టారు ఈల నోట్లో పెట్టుకుని ఊదాడు. మోగలేదు. బలమంతా పెట్టి ఊదాడు. ఈలలోంచి నీళ్ళు కారాయి... గడ్డం మీదకి, చొక్కా మీదకి... కొలను మందు వాసన గుప్పుమంది.

"అయ్యో, ఏమైంది?" నర్సు పిల్ల మీదకి వంగి మాస్కు అందుకోబోయింది.

మాస్టారి కుడి అరచెయ్యి లేచింది. ఆయన ఎత్తలేదు. దించాలనుకున్నాడు. దిగలేదు. అతుక్కుపోయిన నాలుక ఊడి వచ్చి, తేటగా, ఆయన గొంతుతోనే మాట్లాడింది.

"ఆగండి. ఎవరూ ముట్టుకోవద్దు. రికార్డు."

కన్నతండ్రి అంత గట్టిగా చెబితే ఎవరైనా ఒక్క క్షణం ఆగుతారు కదా. నర్సు ఆగింది. ఆ తరువాత ఆయన్ని తోసేసింది, అరిచింది, డాక్టరమ్మ పరిగెత్తుకొచ్చింది, మెషిన్ బుస్సుమంది. పిల్ల మాత్రం అలాగే ఉంది, చిరునవ్వుతో. పక్కనున్న తెర మీద గుండె గీత ఇంకా ఎగురుతోంది. ఆగమని దానికి ఎవరూ చెప్పలేదు మరి.

అందరూ మంచం చుట్టూ ఉన్నారు. చెయ్యి దిగక అలాగే నిలబడిపోయిన మాస్టారు ఒక్కడే నేల వైపు చూశాడు.

గుమ్మం నుంచి మంచం దాకా చిన్న తడి అడుగులు వచ్చాయి. ఒక జత.

మంచం నుంచి గుమ్మం వైపు వెళ్ళినవి రెండు జతలు.